నలభై మూడో సీసా

కంటికి కనపడని మైలను మడి ఆపగలదా? ఈ అనుమానం కోమలకు పదేళ్లుగా ఉంది.

అందుకే అప్పట్లోనే ఇంట్లోంచి ప్లాస్టిక్‌ను గెంటేసింది. నీళ్లకు రాగి బిందె, ఉప్పుకు పింగాణీ జాడీ, పాలకు స్టీలు క్యాను. "మా ఆవిడకు యముడికన్నా క్యారీ కవరంటేనే భయం" అని భర్త వెంకటాద్రి తాముండే ఒర్లియంపేట వీధంతా చెప్పి నవ్వేవాడు.

ఆ పొద్దున ఆమె సముద్రం పక్కన ఫ్రెంచివాళ్లు కట్టిన వైట్ టౌన్‌కు నడిచే వచ్చింది. ముందురోజు నుంచి ఇంట్లో దీపం పెట్టలేదు. దారిలో గుడి కనబడితే లోపలికి పోలేదు. వీధిలోంచే చేతులు జోడించింది.

పాత బంగళాలోని ప్రయోగశాలలో అర్చిత ఎదురుచూస్తోంది. యానాం పిల్ల. మనుషుల రక్తంలో ప్లాస్టిక్ నలుసుల్ని లెక్కపెట్టడం ఆమె పరిశోధన. నిన్న కోమల తెచ్చిచ్చిన రక్తం సీసాకు నలభై మూడో నంబరు వేసింది.

"ఈ ఒక్క రక్తం శుభ్రంగా ఉందని చెప్పమ్మాయ్. నేను పడ్డ పాట్లు వృథా పోలేదనుకుంటా," అంది కోమల.

అర్చిత కిటికీ తెరలు దించింది. బల్ల మీద తపాలా బిళ్లంత గాజు పలక. అందులో వెంట్రుకకన్నా సన్నని కాలువ. మందులో కరిగించి, రంగు కలిపిన రక్తం అందులో కదిలింది. ప్లాస్టిక్ నలుసు ఉంటే కంప్యూటర్ తెర మీద నారింజ రంగులో మెరుస్తుంది.

తెర నల్లగా ఉంది. కోమల లోలోపల నామం జపిస్తోంది.

ఒక చుక్క మెరిసింది. కాసేపటికి రెండు. ఆ వెనకే ఒక గుంపు.

"పలక సరిగ్గా కడగలేదేమో చూడు."

అర్చిత ఉత్త నీళ్లు పంపింది. ఒక్క చుక్కా లేదు. మళ్లీ రక్తం పంపింది. పంతొమ్మిది.

"ఎక్కణ్ణుంచి చేరిందో చూద్దామండి," అంటూ కాగితం తీసుకుంది. "ఈ రక్తం ఇచ్చినవాళ్లు చేపలూ, రొయ్యలూ తింటారా?"

"వాసన కూడా తెలీదు."

"క్యాన్ నీళ్లు?"

"ఒక్క గుక్క తాగలేదు."

"ఉప్పు?"

"నాలిక్కి తగల్లేదు."

"ఉప్పు కూడానా? ఇదేం వ్రతమండీ బాబూ. మీకు తెలీకుండా బీచ్‌లో బజ్జీలు లాగించి ఉంటారు."

"యాడికి పోతుంది? గడప దాటింది లేదు."

అర్చిత నవ్వు ఆగిపోయింది. "మంచం మీదున్నారా?"

కోమల తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. తెర మీద ఇరవయ్యోది మెరిసింది.

"సరేనండి. రెండేళ్ల కిందట మీ వీధిలో ఇంటింటికీ సీసాలు పంచాను. అందరూ ఇచ్చారు, మీ ఇల్లొక్కటే బాకీ. అదీ ఇవాళ్టితో తీరిపోయింది." అర్చిత కాగితం మీద మిగిలిన ఒకే ఒక్క గడి దగ్గర పెన్ను ఆనించింది. "వయసెంతండి?"

కోమల ఆ చుక్కల మీంచి చూపు తిప్పలేదు.

"బొడ్డు కోసేటప్పుడు పట్టిన రక్తమమ్మాయ్ అది, మా మనవరాలిది."