ఫిట్ సర్టిఫికెట్

గంగయ్య చేసిన వేళాకోళానికి కసరత్తు గదిలో అందరూ నవ్వారు, ప్రిస్కిల్లా తప్ప.

వాళ్లమ్మ ఏసమ్మ మర్యాదకి తెచ్చిన రెండు అత్తాల చక్కెరకేళి అరటిపళ్లని ఆయన ఆ పిల్ల పాదానికే కట్టాడు.

"ఎత్తమ్మాయ్. పది లెక్కపెడతాను."

కాకినాడలోని ఆ ఎముకల ఆస్పత్రిలో, ఆపరేషనైన కాళ్లకి కసరత్తు చేయించడం గంగయ్య పని. మాసిన బనీను, మెడలో తువ్వాలు. డాక్టరని దూరం నుంచి కూడా ఎవరూ పొరబడరు.

నాలుగో అంకెకే ప్రిస్కిల్లా మోకాలు వణికింది. పళ్లు దబ్బున మంచం మీద పడ్డాయి.

"ఇంకో మూడు నెలలు కూతకెళ్లకు," అన్నాడు గంగయ్య.

పన్నెండు రోజుల్లో విజయవాడలో రైల్వే కబడ్డీ సెలక్షన్లు. నెగ్గితే ఉద్యోగం. లేకపోతే తల్లితో పాటు ఊడ్పులకి పోవాలి. గంగయ్య సరేనంటేనే పెద్ద డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ ఇస్తారు.

ఆ మధ్యాహ్నం ఏసమ్మ పెద్ద డాక్టరు గది ముందు కూలబడింది. ఆడపిల్లని పదిమందిలో నవ్వులపాలు చేశాడని చెప్పింది. ఇంకేదో ఆశించే కాగితం ఆపుతున్నాడనీ చెప్పింది.

రెండోది అబద్ధమని ప్రిస్కిల్లాకి తెలుసు. డాక్టరు తననే అడిగారు.

"ఆయ్, నిజమేనండి," అంది.

సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. గంగయ్య ఉద్యోగం పోయింది.

టిఫిన్ క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర ఎదురుపడ్డాడు. తిడతాడనుకుంది. మోకాలికి పట్టీ బిగించి కట్టుకోమని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

విజయవాడలో మూడో కూతకి మోకాలు టప్పుమంది. మధ్యగీతకి బెత్తెడు దూరంలో పడిపోయింది. పాదం తన మాట వినడం లేదు.

అప్పటిదాకా వీపు మీద నంబరే చూసిన సెలక్టరు నాగవల్లి గారు పరుగున వచ్చి పేరడిగారు. వినగానే ఆమె ముఖం పాలిపోయింది.

"నువ్వెందుకొచ్చావమ్మా? కాలు నయమయ్యేదాకా నీ చోటు ఆపుతామని ఆస్పత్రికి ఉత్తరం రాశాం కదా. అందలేదా?"

"ఆపమని ఎవరడిగారండి?"

"మా గంగయ్య మాస్టారు. ఖాయమయ్యాకే నీకు చెప్తానన్నారు. ఉత్తరం ఆయన పేరునే పంపాం."



నాగవల్లి గారు ఆ మోకాలిని జాగ్రత్తగా ఒడిలోకి తీసుకున్నారు.

"నాకు కూత నేర్పి, ఈ ఆడపిల్లల టీమ్‌ని నిలబెట్టిన కోచ్ ఆయనేనమ్మా."