మిషను కింద గొంగడి

కర్నూలు కోర్టులో టైపిస్టు పుల్లయ్య తీర్పు కొడుతున్నాడు. ఉరిశిక్ష. ఆ సంగతి తెలియని ముద్దాయి తల్లి గిడ్డమ్మ కిటికీ అవతల వరండాలో కూర్చుంది. అక్షరం పడ్డప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకుంటోంది.

ఆ చప్పుడే ఆమెను బాధ పెడుతోందనుకున్నాడు పుల్లయ్య. కుర్చీలో పరుచుకున్న గొంగడి తీసి మడిచి టైపు మిషను కింద పెట్టాడు. మోత అణిగిపోయింది.

గిడ్డమ్మ దిగ్గున లేచి కిటికీ ఊచలు పట్టుకుంది.

"అయిపాయనా నాయనా? మిషను ఆగితే దొర తీర్పు చెప్తాడంట కదా!"

"లేదమ్మా, ఇంకా కొడతాండా."

"అట్లయితే నాకు ఇనపడేట్లు కొట్టప్పా. ఆ చప్పుడు ఉన్నంతసేపూ నా కొడుక్కి ఏమీ కాదు."

పుల్లయ్య గొంగడి లాగేశాడు. ఆఖరి వాక్యం కొట్టి, తీర్పు తీసి పక్కన పెట్టాడు.

తెల్ల కాగితం ఎక్కించి మళ్లీ కొట్టసాగాడు.