పనసచెట్టు మీద ఆర్డరు

కూలీ పెదబాబు గొడ్డలి ఎత్తేసరికి కృపమ్మ తన పెరట్లోని పనసచెట్టును కావలించుకుంది. నర్సీపట్నం సంతలో ఆ కాయలమ్ముకునే ఆమె బతుకుతోంది.

"తప్పుకోండమ్మా, బ్రాడ్‌బ్యాండ్ వైరు ఇటే ఎల్లాలి. అదొస్తే ఆఫీసుల్లో కాయితం వాడరు, ఇంక చెట్లు కొట్టక్కర్లేదు," అంటూ సూపర్‌వైజర్ తాతాజీ చెట్టు నరకమన్న ఆర్డరు కాగితం చాపాడు.

"సెట్టు సంపి సేసిన కాయితం నేను ముట్టను బాబూ. కంప్యూటర్లో సూపించు."

"వైరు పడకుండా ఎలాగండీ?"

"అయితే ముందు వైరెయ్యి. ఆర్డరు సూసి నేనే గొడ్డలందిస్తాను."

తాతాజీకి అది న్యాయంగానే తోచినట్టుంది. చెట్టు పక్కనుంచి తిప్పి కందకం తవ్వించి, మధ్యాహ్నానికల్లా వైరు వేయించాడు.

పెదబాబు నుదురు తుడుచుకున్నాడు. "వైరెలిపోనాది కదండీ. ఇంక సెట్టెందుకు కొట్టడం?"

తాతాజీ వైరు వంక, చెట్టు వంక మార్చి మార్చి చూసి, ఆ నీడలోనే కూలబడ్డాడు.

కృపమ్మ గొడ్డలి అందుకుని, ముగ్గిన పనసపండొకటి చీల్చి ఇద్దరికీ తొనలు పెట్టింది.