మైనం చుక్కలు

తొమ్మిది రాత్రులుగా గుర్రపుశాలలో కాపలా కాస్తున్న సాయిసుకు కంటి మీద కునుకు లేదు. చూలు గుర్రం ఈనే ముందు చనుమొనల మీద పాలు మైనంలా గడ్డకడతాయి. సాయంత్రం ఆ చుక్కలు కనిపించగానే, హమ్మయ్య, తెల్లారేలోగా గండం గడుస్తుందనుకున్నాడు.

"చంపుకు తింటున్నావే తల్లీ," అని విసుక్కుంటూ, అర్ధరాత్రి నడుం పట్టుకుని లేచి మళ్లీ చూశాడు. మైనం లేదు. పొదుగు తడిగా, ఖాళీగా వేలాడుతోంది.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు.

"ఈనేసి ఉంటుందయ్యా. పిల్ల తాగేసుంటుంది. గడ్డిలో వెతుకు."

"లేదు సార్. కడుపు అలాగే ఉంది. చెయ్యి పెడితే పిల్ల తంతోంది. తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది."

డాక్టరు ఆవులించాడు. "నిద్ర లేక నీకే ఏదో అయింది. కాసేపు నడుం వాల్చు."

నిజమేననిపించింది. వెలుతురుంటే గుర్రం ఈనదని దీపం ఆర్పి, దాని పక్కనే గోడకు చేరగిలబడ్డాడు.

చీకట్లో గుర్రం వెనక కాలు ఎడంగా జరిపింది. పాలు చేపే తల్లిలా గొంతులోనే మెల్లగా సకిలించింది. పొదుగు దగ్గర చప్పరింపు మొదలైంది.

లేచే ఓపిక లేక, చెయ్యి మాత్రం చాచి దాని కడుపు మీద వేశాడు. నిండుగానే ఉంది. లోపలి పిల్ల తన్నడం మానేసి, అతనిలాగే ఊపిరి బిగబట్టి, ఆ చప్పుడే వింటోంది.