కిటికీ కింద డబ్బా

"దొరికావురా!"

గోడ పైపు వెనక సందులో చెయ్యి ఇంకా అలా ఉండగానే, ఎవరో కాలరు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. లిఫ్టు మెకానిక్ వెల్లకిలా పడబోయి గోడ ఆసరాతో నిలదొక్కుకున్నాడు. ఎదురుగా ఇంటి యజమాని. వీధి చివర బట్టల కొట్టు ఆయనదే. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేతిలో గుడ్డ కొలిచే ఇనుప బద్ద.

"ఎన్నాళ్ళుగా సాగుతోందిరా ఈ బాగోతం?"

"కొట్టకండి సార్! నా డబ్బా నేను తీసుకుపోదామని వచ్చాను." మెకానిక్ గబగబా సందులోంచి ఒక చిన్న రేకు డబ్బా లాగి చూపించాడు.

"ఏముంది అందులో? ఉత్తరాలా?"

"ఉత్తరాలేంటి సార్! ఇదొక ఆట. నేను డబ్బా దాచి, ఆ చోటు ఫోన్లో పెడతాను. చూసినవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టి జారుకుంటారు. ఎవరి కంటా పడకూడదు. అదే మజా."

యజమాని చేతిలో బద్ద మెల్లగా కిందికి దిగింది.

"అంటే, ఈ గోడ పక్కన తచ్చాడే మగాళ్ళంతా..."

"దీని కోసమే సార్. ఆడవాళ్ళూ వస్తారు గానీ, తక్కువ."

"అటూ ఇటూ చూసి, సందులో చెయ్యి పెట్టి, ముసిముసిగా నవ్వుకుంటూ పోవడం..."

"దొరికిందన్న సంబరం సార్, అంతే."

యజమాని మెట్టు మీద కూలబడ్డాడు. తలెత్తి మేడ మీద కిటికీ వంక చూశాడు. మెకానిక్ కూడా చూశాడు. ఊచల వెనక ఒకావిడ నిలబడి ఉంది. కుడిచేతికి మోచెయ్యి దాకా పిండికట్టు. అతని చూపు పడగానే చటుక్కున పక్కకి తప్పుకుంది.

"మా ఆవిడ" అన్నాడు యజమాని. "వాళ్ళంతా తన కోసం వస్తున్నారనుకున్నాను. పిల్లల మీద ఒట్టేసి చెప్పింది. వినలేదు. ఆ చెయ్యి నేనే..."

చేతిలోని ఇనుప బద్దని పక్కన పడేశాడు.

ఇందులో తన తప్పూ ఉందనిపించింది మెకానిక్‌కి. ఊరు మారుతున్నాడు కాబట్టి దాచిన డబ్బాలన్నీ ఒక్కొక్కటే సర్దుకొస్తున్నాడు. కొన్ని పీకేశాడు, కొన్ని ఆటలో తెలిసినవాళ్ళకి అప్పగించాడు. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ తీసుకోలేదు. "ఆ ఇంటాయన కొట్టేలా చూస్తాడు, మాకొద్దు" అన్నారు. ఆయన అలా చూస్తాడని మెకానిక్‌కీ తెలుసు. అలా చూస్తాడు కాబట్టే ఆట రంజుగా ఉంటుందని ఇన్నాళ్ళూ ఉంచాడు.

"పదండి సార్. ఈ డబ్బా చూపించి ఆవిడకి నేనే చెప్తాను" అన్నాడు.

యజమాని లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తమ్ముడూ. తప్పు చేసింది నేను. నా నోటితో నన్నే చెప్పనీ. కాళ్ళ మీద పడమన్నా పడతాను." చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో మెకానిక్ ఫోన్ మోగింది. భార్య.

"సామానంతా బండెక్కింది. ఇక ఎక్కాల్సింది మీరే. వస్తారా, ఆ డబ్బాల్లో మీరూ ఒక డబ్బా అయి అక్కడే ఉండిపోతారా?"

"వచ్చేస్తున్నానే."

"ఊరొదిలి వెళ్తున్నావా?" అడిగాడు యజమాని.

"అవును సార్. ఉద్యోగం మారింది. మళ్ళీ ఇటువైపు వచ్చే పని లేదు."

"మరి దీన్నేం చేస్తావు?"

"తీసేస్తాను. ఫోన్లో కూడా కొట్టేస్తే ఇక పురుగు కూడా రాదు మీ గోడ దగ్గరికి."

యజమాని సందు వంకా, పైన కిటికీ వంకా మార్చి మార్చి చూశాడు. "కొట్టెయ్యకుండా ఉంచాలంటే?"

"చూసుకునేవాళ్ళుంటే వాళ్ళ పేరు మీదికి మార్చొచ్చు."

"అయితే నా పేరు మీదికి మార్చు. నేనే చూసుకుంటాను. చేసిన పాపం కొంతైనా కడుక్కోనీ."

మెకానిక్ గుండె కరిగిపోయింది. అతను దాచిన మొట్టమొదటి డబ్బా అది. పీకడానికి చేతులు రాక ఆఖరి రోజు దాకా వాయిదా వేసుకొచ్చాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని, యజమాని ఫోన్లో ఆట ఎక్కించి, డబ్బా ఆయన పేరు మీదికి మార్చాడు. వానాకాలంలో కాగితం తడవకుండా ఏం చెయ్యాలో చెప్పాడు. యజమాని బుద్ధిగా తలూపుతూ విన్నాడు.

"జనం బాగానే వస్తారా?"

"సెలవు రోజుల్లో అయితే పొరుగూళ్ళ నుంచి కూడా వస్తారు సార్."

"ఎవరి కంటా పడకుండా రావాలన్న షరతు అలాగే ఉంటుందిగా?"

"ఉంటుంది సార్. అది లేకపోతే ఆటేముంది?"

డబ్బాని తన చేత్తోనే సందులో పెట్టేశాడు మెకానిక్. పైకి చూశాడు. కిటికీ ఖాళీగా ఉంది. మేడెక్కి ఒక్క మాట చెప్పిపోదామా అనిపించింది. బండి గుర్తొచ్చింది. ఆయనే చెప్తానన్నాడుగా, మొగుడూపెళ్ళాల మధ్య పరాయివాడెందుకని సర్దిచెప్పుకుని, ఆ ఖాళీ కిటికీకే ఒక దండం పెట్టాడు. పోతూ పోతూ ఒక కాపురం నిలబెట్టానన్న తృప్తితో స్కూటర్ దగ్గరికి నడిచాడు.

హెల్మెట్ తగిలించుకోబోతూ వెనక్కి తిరిగి చూశాడు. యజమాని మెట్టు మీదే నిలబడి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఎదురుపడి చెప్పడానికి మొహం చెల్లక భార్యకే చేస్తున్నాడు కాబోలు పాపం, అనుకున్నాడు మెకానిక్.

"లాయరుగారూ, విడాకులకి సాక్ష్యం లేదన్నారుగా? రేపే ఒక కెమెరా పట్టుకుని రండి, మా ఆవిడ కిటికీ కింద మగాళ్ళు ఎలా వరస కడతారో మీరే చూద్దురు గాని!"