తాబేలు తీసుకున్న ఏనుగు పాలసీ

మడుగు గట్టున నక్క వైద్య బీమా దుకాణం తెరిచింది. నెలనెలా మేతలో కొంత దానికిస్తే, జబ్బు చేసినప్పుడు ఎలుగుబంటి వైద్యుడి ఖర్చంతా అదే భరిస్తుంది. తాబేలు వెళ్లేసరికి ముందు నత్త ఉంది.

"నాకు భయమల్లా ఈ చిప్ప గురించే. పగిలితే చూస్తారా?" అని అడుగుతోంది నత్త.

"చూస్తాం నత్తమ్మా. నెలకు నాలుగాకులు."

నత్త కాగితం మీదుగా పాకి సంతకం పెట్టేసింది.

తాబేలుకు తల కొట్టేసినట్టయింది. నత్త తీసుకున్నదే తనూ తీసుకుంటే ఇంకేం పరువు?

"ఏనుగు దొరగారు తీసుకున్న పాలసీయే నాకూ రాయి" అంది.

"దానికి నెలనెలా మీ మేతలో సగం ఇవ్వాలి తాబేలన్నా. ఒకసారి చదువుకోండి."

"దొరగారు చదివే ఉంటారులే."

నాలుగు నెలలు తాబేలు అర్ధాకలితో తిరుగుతూ, ఎదురైన ప్రతివాళ్లకీ ఆ కాగితం చూపించింది. ఐదో నెలలో నీరసంతో కళ్లు తిరిగి బండ మీంచి దొర్లి పడింది. చిప్ప నిలువునా చీలింది. దేక్కుంటూ దుకాణానికి వెళ్లింది.

నక్క కాగితం ఆసాంతం చదివింది. "ఇందులో తొండం ఉంది, దంతాలున్నాయి, చేటంత చెవులున్నాయి. చిప్ప మాత్రం లేదు. అయినా దిగులు పడకండి తాబేలన్నా, మీ తొండానికి చిన్న గీత పడ్డా పూచీ మాదే."

తాబేలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సరేలే. ఈ సంగతి ఆ నత్తకు మాత్రం చెప్పకు."