రొట్టెల దారిలో లెక్కల బడి

“మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టు. నింపాదిగా, గట్టిగా,” అంది మహ్జూబా, పిండి ముద్దల పళ్లెం కిందికి వంచి.

“ఇప్పుడేగా చెప్పాను నానమ్మా, ఆరు!” ఐదేళ్ల వియామ్ మూతి ముడిచింది.

“రొట్టెలు కాలి వచ్చేసరికి ఐదవుతాయేమో! పొయ్యి దగ్గర పిల్లి ఉత్త తిండిపోతు.”

వియామ్ కిసుక్కున నవ్వి, ఒక్కో ముద్దనూ తాకుతూ లెక్కపెట్టింది. మెక్నెస్ నగరం పాతబస్తీ సందులో, వీధివాళ్లందరికీ కలిపి ఉన్న పొయ్యికి రొట్టెలు కాల్పించడానికి తీసుకెళ్లే దారంతా రోజూ ఇదే తంతు.

“ఈ తలుపు మీద ఏముంది?”

“పదహారు.”

“అబద్ధం.”

“నిజం! ఒకటి, పక్కన ఆరు.”

“ఆరెలా ఉంటుందో గాల్లో రాయి చూద్దాం. బొజ్జ కిందికా, పైకా?”

“కిందికి! పైకుంటే తొమ్మిది. నీకెన్నిసార్లు చెప్పాలి?”

పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చే బుషైబ్ పళ్లెం అందుకుంటూ నవ్వాడు. “పిల్లని ఇప్పుడే ఇంజనీరుని చేసేస్తావా, మహ్జూబమ్మా? కాస్త ఊపిరి పీల్చుకోనీ.”

“నీ గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టమంటాను, ఉండు! ముందు రొట్టెలు లోపలికి తొయ్యి.”

తిరుగుదారిలో వియామ్ అలిగింది. “ఎప్పుడూ నన్నే అడుగుతావు. ఒక్కసారి నువ్వు చెప్పవచ్చుగా!”

“నేను చెప్పేస్తే నీకెలా వస్తుందే, పిచ్చిపిల్లా?”

చలికాలం వెళ్లిపోయేనాటికి కోడలు నవాల్ బడి నుంచి సంబరంగా వచ్చింది. “అత్తయ్యా, లెక్కల్లో వియామే అందరికన్నా ముందుందట! ఇంట్లో ఎవరు చెబుతారని టీచరమ్మ అడిగితే మీ పేరే చెప్పాను.”

మహ్జూబా తలెత్తకుండా టీ కెటిల్‌లోకి పుదీనా తుంచింది.

మర్నాడు పొద్దున్నే శాలువా కప్పుకుంది. ఊరికి ఆ చివర చెల్లెలు మంచం పట్టి నాలుగు నెలలైంది. తీసుకెళ్తానన్న కొడుకు ప్రతిసారీ వచ్చే శుక్రవారమంటున్నాడు.

“ఒక్కరే వెళ్తారా అత్తయ్యా? దారి తప్పితే?”

“నేనేమన్నా పసిపిల్లనా?”

స్టాండులో మూడు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. మహ్జూబా ఎవర్నీ అడగలేదు. ఒక్కొక్కదాని నుదుటి మీది నంబరుకేసి చూస్తూ, పెదవులు కదుపుతూ నడిచి, మూడోదాంట్లోకి ఎక్కింది. కండక్టరు అడక్కుండానే గట్టిగా అంది:

“ఇరవై నాలుగు!”

అరవై ఆరేళ్లలో ఆమె తనంతట తాను చదివిన మొదటి సంఖ్య అది.